నిద్రకు గడి లేని ఫారం

మైపాడు,
జూన్ 9.

మానసిక చికిత్సా విభాగాధిపతి గారి సముఖమునకు, మైపాడు వాస్తవ్యురాలు, విశ్రాంత ఉపాధ్యాయురాలు వనజాక్షి (71 సం.) వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కరెంటు చికిత్స పిమ్మట నా మనుమడు వినోద్ (26 సం.)లో కలిగిన మార్పును నమోదు చేసి, ఈ నెల 14లోగా పరీక్షించుట గురించి.

1. వినోద్ చేపల వేట చేసుకొనేవాడు. ఫిబ్రవరిలో మాట, తిండి మాని మంచం పట్టాడు. తమ విభాగంలో ఎనిమిది విడతలని చెప్పి, మత్తుమందు ఇచ్చి ఇప్పటికి ఆరుసార్లు కరెంటు చికిత్స చేశారు. నాల్గవసారి తరువాత తనంతట తానే మజ్జిగన్నం అడిగి తిన్నాడు. ఆ మేలు మరువను. చికిత్స మీద నాకు ఫిర్యాదు లేదు, ఆ తరువాత ఎవరూ చూడకపోవడం మీదనే ఉన్నది.

2. ఆరవ విడత మే 26న జరిగినది. 27న నాలుగు గంటలు నిద్రపోయాడు, 29న మూడు. జూన్ 1 నుండి నేటివరకు రెండు గంటలు మించలేదు. అయినా అలసట లేదు. మాట ఆగదు.

3. వేట నిషేధం కనుక వలలన్నీ ఒడ్డునే ఉన్నవి. చిరుగులు కుడతానని ఐదిళ్లవారి వలలు తెచ్చి, రొయ్యల వల, పెద్ద చేపల వల అని చూడకుండా అన్నిటినీ కలిపి ఒకే వలగా కుట్టాడు. పులికాట్ సరస్సంతటినీ ఒక్క చుట్టులో లాగుతాడట. వలలవారు కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు సాయమయ్యేది. పిల్లవాడు లేచి తిరుగుతున్నాడని అందరూ సంతోషించారు. నిషేధం ముగిశాక, 15వ తేదీ తొలివేటకు వీడిని తన పడవ ఇంజను దగ్గర కూర్చోబెడతానని పోలేరయ్య మాట కూడా ఇచ్చాడు. ఆ పడవలో మరి నలుగురుంటారు.

4. జూన్ 2న చూపించడానికి తీసుకొనివచ్చాను. ఫారంలో మాట, తిండి, నడక అని మూడు గళ్లు. మూడింటా టిక్కు పెట్టి "బాగా మెరుగు" అని వ్రాశారు. నిద్ర లెక్క చూపబోతే చిన్న డాక్టరు గారు నవ్వి, "మాట్లాడలేదని ఏడ్చింది నువ్వే, మాట్లాడుతున్నాడని ఏడ్చేదీ నువ్వేనా అవ్వా?" అన్నారు. నేను ఏడ్వలేదు. అడిగాను.

5. ఈ చికిత్సతో కొందరికి దిగులు పోయి, దానికి ఎదురు ఉద్రేకం పట్టుకోవచ్చునని మాకెవరూ చెప్పలేదు. సంతకం పెట్టించుకొన్న కాగితంలో తలనొప్పి, మరపు మాత్రమే ఉన్నవి. ఈ సంగతి పక్క మంచం రోగి తల్లి ఆదిశేషమ్మ చెప్పినది. ఆమె కొడుకుకూ ఇట్లే అయినదట. ఆమె వేలిముద్ర మనిషి. తమ విభాగం చెప్పవలసినది ఆమె చెప్పవలసి రావడం భావ్యమేనా?

కావున మిగిలిన రెండు విడతలు చేయవలెనో, ఆపి మందు మార్చవలెనో తమరే స్వయంగా చూచి నిర్ణయించి, అంతవరకు పడవ ఎక్కరాదని ఒక కాగితం ఇప్పించవలెను. పోలేరయ్య నా మాట వినడు, ఆసుపత్రి ముద్రకు వింటాడు. ఈ విన్నపము జాప్యం లేకుండా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వనజాక్షి

తా.క.: అర్జీ వినోద్ గురించి కనుక వాడికి చదివి వినిపించాను. వాడన్నది ఉన్నదున్నట్టు వ్రాస్తున్నాను: "నిద్ర లెక్క నిజమే అవ్వా. కానీ ఇన్నాళ్లకి నాకు బాగుండాది. దించేదానికి మందిస్తే యాడ దాకా దించుతారో అడుగు." రేపు మొదటి బస్సుకే తీసుకొని వస్తున్నాను. తమరే వాడికి చెప్పండి. చీటీ లేదని మమ్మల్ని గుమ్మం దగ్గరే తిప్పి పంపకండి.