వదిన మానేసిన గుల్

బుధవారం రాత్రి, వాట్‌గంజ్

వదినకు పాప పుట్టింది! ఏడుపు వార్డు బయటికే వినిపించింది. అంత అందమైన గోల నేనెప్పుడూ వినలేదు.

ఒడిలోకి తీసుకోగానే గడియారం చూస్తూ పాప ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి నలభై నాలుగు. మధ్యలో ఒక్క క్షణం ఆగితే నర్సు దీదీని కేకేశాను. "పసిపిల్లలు అలాగే ఆగి ఆగి తీస్తారు" అని నర్సు దీదీ నవ్వింది. ఊపిరి. ఎంత మెత్తటి మాట! నర్సింగు నోట్సులో 'శ్వాసక్రియ' అని రాసుకున్నప్పుడు ఇంత తీపిగా లేదు.

వదిన రోజూ గుల్‌తో పళ్లు తోముకునేది. అది పొగాకని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, పళ్లపొడి అనే అనుకున్నాం. కడుపుతో ఉన్నప్పుడు వాడితే నికోటిన్ బిడ్డకు చేరి ఊపిరి బలహీనపడొచ్చని నర్సింగు క్లాసులో విన్నరోజే పరిగెత్తుకొచ్చి చెప్పాను. వదినకు అప్పుడు నాలుగో నెల. గుల్ లేక వచ్చిన తలనొప్పితో ఏడుస్తూనే మానేసింది. నానమ్మ మాత్రం, "నాను గుల్ తోముకునే నలుగుర్ని కన్నాను, ఏటయిందే?" అని వెక్కిరించింది.

ఆ మొదటి నెలల సంగతి డాక్టరుకు చెప్పాం. కొన్నాళ్లు పాపను కనిపెట్టి ఉండమన్నారు. ఆ దిగులు ఇంకా...

సాయంత్రం నానమ్మ పాపను ముద్దాడబోయి ఆగిపోయింది. కొంగుతో నోరు తుడుచుకుని నన్ను పక్కకి పిలిచింది.

"ఒలే, రేపు నాకో బ్రష్షు తెచ్చిపెట్టు. మెత్తంది."

"నీకు పళ్లెన్ని ఉన్నాయే?"

"ఏడు. ఏడూ తోముతాను."