ఆకులు రాలిన నలభై ఒక్క పైన్ చెట్లు

జిల్లా అటవీ అధికారి గారి సముఖమునకు,
ఒకోచి గ్రామవాసి, విశ్రాంత ఉపాధ్యాయిని సెఫెరినా బతిస్తా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఊట పైనున్న నలభై ఒక్క పైన్ చెట్లను ఈ శనివారం నరకకుండా ఆపించుట గురించి.

1. తమ సర్వేయరు గారు మొన్న మా అడవికి వచ్చి, ఆకులు లేని పైన్ చెట్లన్నిటికీ ఎర్ర రంగు పూసినారు. బెరడు తొలిచే పురుగు పట్టి అవి చచ్చినవనియు, పదిహేను రోజుల్లో ఊరివారే నరకవలెననియు, లేకున్న జరిమానా తప్పదనియు కాగితం ఇచ్చినారు.

2. ఆ ఆకులు తిన్నది సీతాకోకచిలుక పిల్లలు. పైన్ ఆకు మీదే పుట్టి, ఆ ఆకే తిని, దారపు గూళ్లలో గుంపుగా పడుకునే గొంగళి పురుగులు. రెక్కలు వచ్చాక మగవి తెల్లగా, ఆడవి నారింజ రంగులో ఎగురును. నాకు తెలిసి నాలుగుసార్లు ఈ కొండను బోడి చేసినవి. నాలుగుసార్లూ వానలు పడగానే పచ్చబడినది. ఈ సంగతి మనవి చేయగా సర్వేయరు గారు, "ఆకు పోయిందంటే చెట్టు పోయినట్టే అవ్వా" అన్నారు.

"నా జుట్టూ పోయింది నాయనా. నాకెప్పుడు పూస్తావు రంగు?" అన్నాను.

దీనిని వారు రిపోర్టులో "స్థానికుల సహకారం కొరవడినది" అని వ్రాసికొన్నట్లు తెలిసినది.

3. ఆ చెట్లు నా వాటా అడవిలోనివి. మాలో ఎవరి వాటాలో పని జరిగితే వారే మొక్కజొన్న కల్లు కాచి ఊరిని పిలవవలెను. కల్లు లేనిదే గొడ్డలి లేవదు. కల్లు పొంగిన రోజు లేవక మానదు. ఊరి పెద్ద ఇందలెసియో నా దగ్గర అక్షరాలు దిద్దినవాడే. వచ్చి, తల వంచుకుని, "కాచకపోతే ఊరందరికీ జరిమానా, టీచరమ్మా. పైగా మీ చేతి కల్లంటే ఒక్కడూ మానడు" అన్నాడు.

నా చెట్ల చావుకు నేనే విందు కాచితిని. మూడు కుండలు. శనివారానికి పొంగును. దాచితే పాడగును గనుక, ఆ రోజే అందరూ గొడ్డళ్లతో వచ్చెదరు.

4. ఆ చెట్ల కింది ఊట తప్ప మా ఏడిళ్లకు వేరే నీరు లేదు. నీడ పోతే ఊట ఏమగునో తమకు పాఠం చెప్పను. నలభై ఏళ్లు పాఠాలు చెప్పి అలసిపోయాను.

కావున తమరు శుక్రవారం లోపల స్వయంగా వచ్చి, జేబుకత్తితో ఏదో ఒక చెట్టు బెరడు గోకి చూడవలెను. లోపల ఎండి ఉంటే మొదటి వేటు నేనే వేసెదను.

ఇంతమాత్రం దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సెఫెరినా బతిస్తా

తా.క.: ఎండలు ముదిరాయి. కల్లు అనుకున్నదానికన్నా ముందే బుడగలు వేస్తోంది. కుండల చుట్టూ తడి ఇసుక పోసి, పూటపూటకూ నీళ్లు చల్లుతున్నాను. శనివారం దాకా ఎలాగో ఆపుతాను. ఆపైన నా చేతిలో లేదు, బాబూ. త్వరగా రా.