కుడి సీట్లో కస్టమర్

జూలై 2

ఈరోజు నుంచి నేను కో-పైలట్‌ని. నాన్న నన్ను యూనిఫాంలో దుకాణం ముందు చింతపండు బస్తాల పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. జగదల్‌పూర్ మార్కెట్లో మా తెలుగు షావుకార్లందరికీ పంపాడు. సాయిశ్రీ పైలట్ అయిపోయిందని మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది.

వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఇది జీతమొచ్చే ఉద్యోగం కాదు. కంపెనీకి మేమే ఎదురు కట్టాం. ఐదువందల గంటలు చిన్న విమానంలో కుడి సీట్లో కూర్చోనిస్తారు. ఆ గంటలు చూపిస్తే పెద్ద ఎయిర్‌లైన్‌వాళ్లు పిలుస్తారట. లైసెన్స్ చేతికొచ్చి మూడేళ్లయినా ఎవడూ పిలవలేదు మరి. కొంటాలో ఉన్న పాత దుకాణం అమ్మి కట్టాడు నాన్న.

నాన్న లెక్కలో అది బయానా. చింతచెట్టు పూత మీదుండగానే రైతుకు బయానా ఇస్తే ఆ కాయ మనదే. ఇంకొకడు చెయ్యి పెట్టడు. ఉద్యోగం కూడా అంతే అనుకుంటున్నాడు. కంపెనీ మేనేజర్ రాజ్యశ్రీ మేడమ్ మాత్రం ఉద్యోగం అన్న మాట ఒక్కసారి కూడా పలకలేదు. ఎక్స్‌పోజర్ అంది, జర్నీ అంది, ఫ్యామిలీ అంది. నేను తూకం వేసే ఇంట్లో పుట్టినదాన్ని. ఎదుటివాడి బొటనవేలు త్రాసు మీద ఎక్కడుందో ముందు చూస్తాను.

జూలై 3

జగదల్‌పూర్–హైదరాబాద్, మళ్లీ వెనక్కి. పందొమ్మిది సీట్ల విమానం.

కెప్టెన్ పేరు ప్రేమ్‌కుమార్. బచేలిలో పుట్టి పెరిగాడట, వాళ్ల నాన్న రాజమండ్రి నుంచి గనుల్లో పనికి వచ్చాడట. తెలుగాయన అని ప్రాణం లేచొచ్చింది. నీకు ఈయనే ట్రైనింగ్ కెప్టెన్, చాలా సీనియర్, అదృష్టవంతురాలివి బేటా అంది రాజ్యశ్రీ మేడమ్. ఆయన నన్ను చూసి, మీరున్నారు కాబట్టి నాకేం బెంగ లేదండి అన్నాడు. మర్యాదకన్నాడనుకున్నాను.

జూలై 8

ఇంకా ఒక్క ల్యాండింగ్ కూడా నా చేతికివ్వలేదు. ట్రైనింగ్ అంటే ఇదేనా?

మేడమ్‌ని అడిగాను. ఓపిక పట్టు బేటా, నువ్వు మా కస్టమర్‌వి, నీ సంతృప్తే మాకు ముఖ్యం అంది. మా దుకాణంలో కస్టమర్‌కి కుర్చీ వేస్తాం, చాయ్ తెప్పిస్తాం, సరుకు రుచి చూపిస్తాం. ఇక్కడ కస్టమర్ నోరెత్తితే గంటలు కట్.

జూలై 11

ఈయనలో ఏదో తేడా ఉంది.

ఇంతకుముందు ఎక్కడ నడిపారు సర్ అంటే, అక్కడా ఇక్కడా అండి అంటాడు. ఏ విమానం అంటే, అన్నీనండి అంటాడు. అన్నీ అంటే ఏవని అడిగితే కిటికీలోంచి ఇంద్రావతిని చూపించి, భలే నిండింది కదండి అంటాడు. దిగే ముందు అరచేతులు రుమాలుతో తుడుచుకుంటాడు, ప్రతిసారీ. అన్నిటికన్నా వింత, ఏదైనా తేల్చాల్సి వచ్చినప్పుడు నా మొఖంలోకి చూస్తాడు. మీరేమంటారండి అంటాడు. నేర్పేవాడు నేర్చుకునేదాన్ని అడగడమేమిటి? పరీక్ష పెడుతున్నాడా, ఆట పట్టిస్తున్నాడా? గంటలు నావి, ల్యాండింగులు ఆయనవి. నా సొమ్ముతో ఆయన చెయ్యి అలవాటు చేసుకుంటున్నాడని నా అనుమానం.

జూలై 12

నాన్న రోజూ అడుగుతున్నాడు, ఇయ్యాల ఎన్ని గంటలైనయి బిడ్డా అని. ఈ ఇంట్లో బువ్వ తిన్నావా అని అడిగేది అమ్మ ఒక్కతే.

జూలై 15

వెదర్ రాడార్ పనిచెయ్యడం లేదు. ముందు మబ్బుంటే తెరమీద చూపించేది అదే. వానాకాలంలో అది లేకుండా బయలుదేరడమంటే కళ్లు మూసుకుని రోడ్డు దాటడమే.

ప్రేమ్‌కుమార్ సర్ మళ్లీ నా వైపు చూశాడు. వెళ్దామంటారా అన్నాడు. మీ ఇష్టం సర్ అన్నాను. రద్దయిన ఫ్లయిట్‌కి గంటలు రావు. ఆ సమయంలో నా బుర్రలో ఉన్నది అదొక్కటే. వెళ్లాం. ఎండ కాసింది. ఎవరికీ ఏమీ కాలేదు.

కానీ ఆయనెందుకు వద్దనలేదు? జీతగాడు కదా. రద్దయితే ఆయనకు పోయేదేముంది?

జూలై 19

ఇంటికి రాగానే ఈ పుస్తకం తీశాను. జరిగింది జరిగినట్టు రాసెయ్యాలి.

హైదరాబాద్ నుంచి వస్తున్నాం. జగదల్‌పూర్ మీద మబ్బు కిందికి దిగి కూర్చుంది. మబ్బులో దిగేటప్పుడు మాకొక పద్ధతి ఉంది. ఒకరు లోపల మీటర్లు చూడాలి, ఇంకొకరు బయట రన్‌వే కోసం చూడాలి. ఒక ఎత్తు దాకా దిగినా రన్‌వే కనబడకపోతే మారు మాట లేకుండా పైకి లేపెయ్యాలి. మొదటి రోజు పాఠం ఇది.

నడుపుతున్నది ఆయన. కాబట్టి మీటర్లు ఆయన చూస్తున్నాడనుకుని నేను బయట చూస్తున్నాను. అంతా తెల్లగా, పాలు కారినట్టు ఉంది. ఆగవలసిన ఎత్తు దాటి కిందికి వచ్చేశామని నాకు లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది. పైకి లేపమని పలకాల్సింది నేనే. అంత సీనియర్‌కి నేను చెప్పడమేమిటని మింగేశాను.

నేల దగ్గరైపోయిందని, టెర్రెయిన్ అని మెషిన్ అరిచింది. తల తిప్పి చూస్తే ఆయన కూడా బయటికే చూస్తున్నాడు. లోపల చూసేవాళ్లు ఎవరూ లేరు. మబ్బు చిరిగి కింద సాల్ చెట్ల తలలు కనబడ్డాయి, కొమ్మ మీద పిట్ట కూర్చుంటే పిట్టను కూడా చూసేదాన్ని. ఆయన పవర్ తోశాడు. పైకి లేచాం. రెండోసారి రన్‌వే దొరికింది, దిగాం.

దిగి వెళ్తూ ఒక పెద్దాయన కాక్‌పిట్‌లోకి తొంగి చూసి, శభాష్, మంచిగ దింపిన్రు బిడ్డా అని దీవించాడు. ఆయన కాళ్ల మీద పడి ఏడవాలనిపించింది.

జూలై 20

ఎయిర్‌పోర్ట్ బయట టీ కొట్టు దగ్గర ఆయన్ని పట్టుకున్నాను. సూటిగా అడిగాను, మీరు నిజంగా ట్రైనరేనా అని.

గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత మొత్తం కక్కేశాడు. ఆయన పాత కంపెనీ మూతబడిందట. ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్నాడట. కాగితాల మీద అర్హత ఉంది, చెయ్యి మాత్రం తుప్పు పట్టింది. కెప్టెన్‌గా గంటలుంటేనే ఎవరైనా తీసుకుంటారని, ఎడమ సీటుకి ఆయన కూడా కట్టాడు. బచేలిలో వాళ్ల నాన్న రిటైరైనప్పుడు వచ్చినదంతా అందులోకే పోయిందట. నేను ట్రైనర్‌ని అని మీకెవరు చెప్పారండి అన్నాడు. రాజ్యశ్రీ మేడమ్ అన్నాను. ఆయనకేమో నా గురించి, ఈ అమ్మాయికి ఈ విమానం మీద బాగా అనుభవముంది, నీకు తోడుగా వేశాను, నిన్ను చూసుకుంటుంది అని చెప్పిందట.

అందుకే ఆ చూపులు. అందుకే మీరేమంటారండి. ల్యాండింగ్ నాకెందుకివ్వలేదంటే, మీకు అక్కర్లేదేమో, నాకే నేర్పిస్తున్నారేమో అనుకున్నానండి అన్నాడు.

ఇన్నాళ్లూ ఈయన నన్ను మోసం చేస్తున్నాడని అనుమానపడ్డాను. నిజం దానికన్నా భయంకరంగా ఉంది. ఇద్దరమూ కస్టమర్లమే. వెనక ప్రయాణికులు కూర్చుంటున్నారు, ముందు నడిపేవాళ్లు ఎవరూ లేరు.

జూలై 21

మేడమ్‌ని నిలదీశాను. ముఖంలో రంగు కూడా మారలేదు. ఇద్దరికీ లైసెన్సులున్నాయా లేవా అని అడిగింది. ఉన్నాయన్నాను. మరి సమస్యేమిటి బేటా అంది. నీ వెనక లైనులో చాలామంది ఉన్నారు, నీకు భయంగా ఉంటే స్లాట్ వదిలెయ్, కట్టింది మాత్రం తిరిగి రాదు అంది. బేటా అన్నప్పుడల్లా ఒళ్లు మండింది.

నాతో వచ్చిన ప్రేమ్‌కుమార్ సర్ గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. నేను వద్దనలేనండి, నాకు ఇంకో దారి లేదు అని మెట్ల దగ్గర చెప్పాడు. పైన విమానాల శాఖకి ఫిర్యాదు చేద్దామంటే నా పేరు పెట్టకండి అన్నాడు. పేర్లు లేని ఫిర్యాదు ఎవరు చదువుతారు?

జూలై 22

నాన్నకు చెప్పాను. అంతా కాదు, సగం. కంపెనీ మంచిది కాదు, మానేస్తాను అన్నాను.

నాన్న తూకం రాళ్లు తుడుస్తూ విన్నాడు. ఏంది బిడ్డా, బయానా ఇచ్చినంక చెట్టు ఇడిసిపెట్టి వస్తమా, కాయ పుచ్చో మంచిదో కోసుకోవాల్నా లేదా అన్నాడు. ఇంకెన్ని దినాలు, కండ్లు మూసుకుంటే అయిపోతది అన్నాడు. ఆయనకు తెలియక అన్న మాటే.

జూలై 24

ఎండ. రెండు ఫ్లయిట్లు. ఇద్దరం ఎత్తులు గట్టిగా పలుకుతూ దిగాం, బడిపిల్లల ఎక్కాల్లాగా. ఏమీ కాలేదు. ఏమీ కాకపోయిన కొద్దీ నాన్న మాటే నిజమేమోననిపిస్తోంది. అదే నాకు భయం.

జూలై 27

నాన్న ఇవాళ ఒక కవరు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. ఎల్లుండి హైదరాబాద్‌కి విమానం టికెట్. చిన్నమ్మను చూసి రావచ్చట. అమ్మ విమానమెక్కడం ఇదే మొదటిసారి. బిడ్డ నడిపే దాంట్లనే ఎక్కాల సుశీలా, ఇంక దేంట్లనో ఎందుకు అన్నాడు.

అమ్మ కవరును కళ్లకద్దుకుంది. వానలు తగ్గాక వెళ్లొచ్చు కదా అన్నాను. వినే స్థితిలో ఎవరూ లేరు.

జూలై 29

రాడార్ ఇంకా బాగుచెయ్యలేదు. దారి పొడుగునా ఉరుములని రిపోర్ట్. ప్రేమ్‌కుమార్ సర్ అది చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేడమ్ రాయ్‌పూర్ నుంచి ఫోన్‌లో ఉంది, ఫుల్ ఫ్లయిట్, ఆలస్యం చెయ్యొద్దంటోంది.

టెర్మినల్ తలుపు బయట ప్రయాణికుల లైను. అమ్మ మధ్యలో ఉంది, చేతిలో చిన్నమ్మ కోసం అరిసెల డబ్బా. నేను లైను పక్కగా నడుస్తూ అమ్మ దగ్గర ఆగాను. తెలుగులో, చిన్నగా చెప్పాను. లైనులో వినబడేదంతా హిందీ, హల్బీ, గోండీ. ఎవరికీ అర్థం కాదని నా తెలివి. అమ్మా, ఇవాళ ఎక్కొద్దు, ఇంటికి పో అన్నాను.

ఏందే, విమానం ఖరాబైందా అంది అమ్మ.

విమానం కాదమ్మా, మేమే. ఇద్దరం ఇంకా నేర్చుకుంటున్నాం, నేర్పేవాళ్లు లేరు అన్నాను.

అమ్మ తలుపు దగ్గరున్న ప్రేమ్‌కుమార్ సర్ వైపు చూసింది. ఆయనకు కూడా రాదా అంది. రాదన్నాను. సరే అంది. లైనులోంచి బయటికొచ్చింది. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

అమ్మ ఎలాంటిదో నాకు తెలియక కాదు. కొంటాలో శబరి పొంగి రోడ్డు మునిగితే, బస్టాండులో నిలబడి ప్రతి మనిషికీ వాళ్ల వాళ్ల భాషలో చెప్పి బస్సు ఎక్కకుండా ఆపేది. చిన్నప్పుడు నాకు పరువు పోయినట్టుండేది. ఇవాళ ఆ సంగతి నాకు గుర్తే లేదు.

వెనకే ఇర్మె అని ఉసూర్ నుంచి వచ్చిన ముసలమ్మ ఉంది, కంటి ఆపరేషన్‌కి వెళ్తోంది. అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి గోండీలో చెప్పింది. ఆ వెనక ఉన్న టీచర్‌కి హిందీలో చెప్పింది. చంటిపిల్లతో ఉన్న అమ్మాయికి హల్బీలో చెప్పింది. అరవలేదు, ఏడవలేదు, దుకాణంలో బియ్యం ధర చెప్పినట్టు చెప్పుకుంటూ పోయింది. విమానం నడిపేది నా బిడ్డే, ఎక్కొద్దని నాకు నా బిడ్డే చెప్పింది, నేను ఎక్కుత లేను, మీ ఇష్టం. ఏ భాషలో చెప్పినా చివర నా వైపు వేలు చూపించింది.

నేను భూమిలోకి దిగిపోయాను. సిగ్గు అమ్మ వల్ల కాదు. నేను మా అమ్మను ఒక్కదాన్నే తప్పిద్దామనుకున్నాను. ఇర్మె కన్ను, ఆ చంటిపిల్ల నాకు తట్టనే లేదు. మిగతావాళ్లను ఎక్కించుకుని నేను ఎగిరి ఉండేదాన్ని. ఇది ఇక్కడ కాక ఇంకెక్కడా రాయలేను.

టీచర్ ప్రేమ్‌కుమార్ సర్‌ని అడిగాడు, సాబ్, ఈ మాట అబద్ధమేనా అని. లైనంతా ఆయన వైపు తిరిగింది. అబద్ధమని ఒక్క మాటంటే చాలు, సగంమంది ఎక్కేవాళ్లు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని అక్కడి బెంచీ మీద కూర్చున్నాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది, తియ్యలేదు.

ఒక్కరూ ఎక్కలేదు. అమ్మ డబ్బా తెరిచి అందరికీ అరిసెలు పంచింది.

జూలై 30

నా స్లాట్ పోయింది. కట్టింది తిరిగి రాదని మేడమ్ మెసేజ్. ఈసారి బేటా లేదు.

నిన్నటి ఫ్లయిట్ వాతావరణం బాగోలేక రద్దయిందని కంపెనీ ప్రకటన. అది నిజమే కాబట్టి కాదనేవాళ్లు లేరు. నాన్న నాతో మాట్లాడటం లేదు, అమ్మతో అసలే లేదు. ఫిర్యాదు రాశాను, నా పేరుతోనే. వాళ్లు ఎప్పుడు చదువుతారో.

జూలై 31

కుడి సీట్లోకి కొత్తమ్మాయి వచ్చిందట. పేరు పూనం. రేపు పొద్దున ఫ్లయిట్.

ప్రేమ్‌కుమార్ సర్ సాయంత్రం ఫోన్ చేశాడు. నాకు కాదు, అమ్మకు. రేపు కూడా లైను దగ్గరికి వస్తారా అమ్మా అని అడిగాడట.

అమ్మ చీర ఇస్త్రీ చేసుకుంటోంది.