మల్లేశం గుప్పిట్లో తాళంచెవి

మంగళవారం రాత్రి, బహ్లా, ఒమన్

కళ్ళు మూస్తే ఆ గుప్పిటే కనిపిస్తోంది.

మధ్యాహ్నం మా అంబులెన్స్ వెళ్ళేసరికి సైట్‌లో మేస్త్రీ మల్లేశం ఇసుకలో పడి కొట్టుకుంటున్నాడు. ట్రైనింగ్‌లో నేర్పినట్టే పక్కకి తిప్పి పడుకోబెట్టాను. ఎండదెబ్బేనని, ముందెప్పుడూ ఇలా కాలేదని ఫోర్‌మన్ అన్నాడు. కానీ మల్లేశం గుప్పిట్లో ఇనప తాళంచెవి ఉంది. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టడం మా అమ్మ కూడా చేసేది. దానివల్ల ఏమీ కాదని ట్రైనింగ్‌కి వెళ్ళాకే తెలిసింది.

"ఇదెక్కడిది?" అని అతని రూమ్మేట్‌ని అడిగాను.

"నా మొలతాడుకే కట్టుకుంటనక్కా, వాని కోసం."

అంటే ఇది మొదటిసారి కాదు.

"పరంజా మీద ఉండగా వస్తే?"

"నేను పక్కనే ఉంటగదా!"

అంబులెన్స్‌లో మల్లేశానికి తెలివొచ్చింది. "ఎండదెబ్బ అని చెప్పక్కా. ఫిట్స్ అంటే కంపెనీ ఇంటికి పంపిస్తది," అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఏమంటున్నాడని మా సీనియర్ సాలిమ్ అడిగాడు. మా అంబులెన్స్ వాళ్ళలో తెలుగు తెలిసింది నాకొక్కదానికే. ఎండదెబ్బ అనేస్తే అయిపోయేది. కానీ ఆ పరంజా ఎత్తు కళ్ళముందే ఉంది.

ఫిట్సేనని, ఇంతకుముందూ వచ్చాయని చెప్పేశాను. మందులు వాడితే అదుపులో ఉంటాయి, నిజమే. అప్పటిదాకా కంపెనీ ఆగుతుందా...

ఫిట్స్ అన్న మాట మల్లేశానికీ వినపడింది. నా చెయ్యి వదిలేశాడు. తిట్టలేదు. స్ట్రెచర్‌ని ఆస్పత్రి లోపలికి తోస్తుంటే ఒక్కటే అడిగాడు.

"నువ్వు మన తెలుగు మనిషివే గదక్కా?"