చలవ పాయసం

1984 మే, శుక్రవారం

ముట్లు ఆగిన దగ్గర్నుంచి ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు కమ్మి చెమటలు పడుతున్నాయి. వేడి చేసిందని, చలవ చేస్తుందని, అత్తగారు రోజూ సాయంత్రం సగ్గుబియ్యం పాయసం కాచి ఇస్తున్నారు. నేనూ నమ్మి తాగాను. జాకెట్లన్నీ బిగుసుకుపోయాయి. ఆవిర్లు మాత్రం ఇంకా ఎక్కువయ్యాయి.

ఈరోజు సీతమ్మధార డాక్టరమ్మ నా బరువు చూసి, "లావెక్కితే ఈ ఆవిర్లు కూడా ఎక్కువవుతాయమ్మా. తీపి మానేసి రోజూ నడవండి, తగ్గొచ్చు" అంది.

ఇంటికొచ్చేసరికి పాయసం గ్లాసు సిద్ధంగా ఉంది. వద్దన్నాను.

"మరేటి సేత్తావే?" అన్నారు అత్తగారు.

"రేపట్నించి సాయంత్రాలు బీచి రోడ్డులో నడుత్తాను."

"ఈ వయసులో రోడ్డెక్కుతావా? సూసినోల్లు ఏటనుకుంతారు?"

"సెమటల్తో సత్తన్నది నాను, అత్తా. సూసినోల్లు కాదు."

నడిస్తే నిజంగా తగ్గుతుందా? డాక్టరమ్మ కూడా తగ్గొచ్చు అందే కానీ, తగ్గుతుందని అనలేదు. ఒక్కదాన్నే నడవాలంటే సిగ్గుగానూ ఉంది...

అత్తగారు ఆ గ్లాసుకి మూతపెట్టి నా మంచం పక్కనే ఉంచారు. ఉండనీ. చీమలు పడితే పడనీ. రేపు ఆవిడ పాయసం కాచే వేళకి నేను సముద్రం పక్కన ఉంటాను.