వాగులో తేలిన పచ్చరంగు

ఏమండీ,

మీ ఉత్తరం అందింది. ఇంట్లో ఎవరికీ జ్వరాలూ దగ్గులూ లేవు. మీరు కూడా ఆ వంతెన పనిలో ఎండన పడి తిరగకుండా, వేళకు తింటున్నారనే అనుకుంటున్నాను.

అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. అత్తయ్య మోకాలినొప్పి తగ్గుముఖం పట్టింది. వంటింటి కుళాయి కారడం ఆగలేదు, కింద గిన్నె పెట్టి అలవాటు పడిపోయాం. ఫోనులో నా గొంతు నీరసంగా ఉందన్నారు. నిజమే. కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చి కుర్చీలో కూలబడితే, లేచి లైటు వేయడానికి కూడా ఓపిక ఉండటం లేదు.

మా విద్యార్థుల నీటిపరీక్షలు ఎంతవరకు వచ్చాయని అడిగారు. చెరువులో కలిసే వాగు పొడవునా సీసాలతో నీళ్లు పట్టారు. మందు చుక్కలు వేస్తే, ప్రాణవాయువు ఉన్న నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. ఎగువన బాగానే తిరిగాయి. మన వీధి మలుపు దాటాక పట్టిన సీసా మాత్రం ఎన్నిసార్లు చూసినా పాలిపోయి తెల్లగానే ఉండిపోయింది. చేప బతికే నీళ్లు కావవి. తొడుగులు వేసుకున్నా చేతులకు ఆ వాసన పోదు. సీసాలు ఫ్రిజ్‌లో పెట్టానని అత్తయ్య, ఇది వంటిల్లా ఆస్పత్రా అని ఒకటే సణుగుడు.

వాగులోకి పోయే వాననీళ్ల కాలవలో ఎవరో మరుగుదొడ్ల గొట్టం కలిపేశారని అర్థమైంది. ఎవరిదో తేలాలంటే ఇంటింటా మరుగుదొడ్డిలో రంగు పోసి, అది వాగులో తేలుతుందేమో చూడాలి. హాని చేయని పచ్చరంగే. పిల్లలు వీధంతా తిరిగి బతిమాలినా ఎవరూ గుమ్మం దాటనివ్వలేదు. అప్పుడు బావగారి అమ్మాయి, అదే, వాదనలు చూసి మీరు పేరు పెట్టిన లాయరమ్మ, అదీ ఆ జట్టులోదే కదా, నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది: "పిన్నీ, అందరినీ అడుగుతున్నాం. మనింట్లో మనం పోసి చూడలేదు."

మన మేడమీదే పోశాం. అది రంగు పోసింది, నేను నీళ్లు వదిలాను. నాకేమీ బెంగ లేదు, మనిల్లు కట్టింది ఇళ్ల పని తెలిసిన బావగారే కదా. మిగతా పిల్లలు వాగు గట్టున కాపలా ఉన్నారు. కాసేపటికి లాయరమ్మ ఫోను మోగింది. అది విని, ఫోను నా చేతికిచ్చింది. నీళ్లు పచ్చగా వస్తున్నాయట.

ఇంతవరకే మీకు ఫోనులో చెప్పాను. దానికి జవాబుగానే మీరు ఈ ఉత్తరంలో రాశారు, "నేను వచ్చేదాకా ఆగు, అన్నయ్యతో నేను మాట్లాడతాను" అని.

ఇక మీకు చెప్పనిది. ఆ ఉత్తరం ఆలస్యంగా చేరిందని మీరు అనుకుంటే నాకు సుఖమే. కాని అది వేళకే చేరింది. గేటు దగ్గర నిలబడి చదివాను. మడిచి సంచిలో పెట్టుకుని తిన్నగా పురపాలక కార్యాలయానికి వెళ్లి, మన ఇంటి చిరునామాతో సహా నివేదిక ఇచ్చేశాను. మనిల్లు దాచిపెట్టి పక్కవాళ్ల తలుపు తట్టమని పిల్లలకు ఏ మొహంతో చెప్పను?

వాళ్లొచ్చి వాకిలి తవ్వారు. బావగారు మట్టికుప్ప పక్కన నిలబడి చూశారు. "అప్పటికి మన వీధిలోకి మురుగునీళ్ల పెద్ద గొట్టం రాలేదమ్మా. వచ్చాక మార్పిద్దామనుకున్నాను, మార్పించలేదు. నన్నడిగితే నేనే తవ్వించేవాణ్ణి" అన్నారు. ఆ చివరి మాట నన్నింకా పొడుస్తోంది. అడిగితే ఆపేస్తారని భయపడి నేను అడగలేదు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. లాయరమ్మ తండ్రితో పోట్లాడి, పక్కబట్టలు తెచ్చుకుని నా గదిలో చేరింది.

గొట్టం మార్చారు. నిన్న మళ్లీ నీళ్లు పట్టాం. సీసాలో పేరుకు కాస్త గోధుమరంగు, అంతే. ఇంకా ఎన్ని ఇళ్ల గొట్టాలు కలిసి ఉన్నాయో. లాయరమ్మ గట్టు మీద చతికిలబడిపోయింది. "ఇంత చేస్తే ఇంతేనా, పిన్నీ?" అంది. నేను సీసాలు పెట్టెలో సర్దుకున్నాను.

ఇంటికొచ్చాక అది మేడ ఎక్కలేదు, తండ్రి గదిలోకి వెళ్లింది. నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను. పరీక్ష సంగతి చెప్పింది. బావగారి గొంతు వినిపించింది: "పక్కనున్న రెండిళ్లూ నేనే కట్టాను. వాటి గొట్టాలూ ఆ కాలవలోనే కలిపాను."

ఇవాళ పొద్దున్న ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆ ఇళ్లవాళ్లకు చెప్పడానికి వెళ్లారు. కూతురు వెంట వస్తానంటే వద్దన్నారు. తిరిగొచ్చేటప్పటి నడకలోనే తెలిసింది, వాళ్లు గట్టిగానే మాటలన్నారని. మంచినీళ్లు ఇచ్చాను. తాగి, గ్లాసు నా చేతికివ్వకుండా మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

మీ మాట కాదన్నందుకు నా మీద కోపం వస్తే రానివ్వండి, పడతాను. కాని నాకు జవాబు రాసేముందు ఆయనకు ఒక ఉత్తరం రాయండి. తప్పొప్పుల జోలికి పోవద్దు. వంతెన ఎంతవరకు లేచిందో, అక్కడ తిండి ఎలా ఉందో రాయండి చాలు. ఆయనతో మామూలుగా మాట్లాడటం ఈ ఇంట్లో అందరం మర్చిపోయాం.

ఇట్లు,
మీ ఇల్లాలు