నా తమ్ముడు మోషే కిన్నెర విడుదల గురించి

నాచారం,
మే 1967.

శ్రీయుత తహసీల్దారు గారి సముఖమునకు,
మిషను బడి మాజీ ఉపాధ్యాయురాలు రాహేలు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నాటకంలో స్వాధీనమైన కిన్నెరను ఇప్పించుట గురించి.

1. నా తమ్ముడు మోషే కిన్నెర మీటుతూ ఊరూరా బైబిలు కథలు పాడినవాడు. పేరు పల్లెల్లో తప్ప బయట ఎవరికీ తెలియదు. పక్షవాతంతో నోరు పడిపోయింది. ఎడమచేతి వేళ్లు మాత్రం ఆడుతున్నవి. కిన్నెర పక్కన పెడితే మంచినీళ్లకు ఒక తీగె, నొప్పికి ఒక తీగె మీటుతాడు. మాకు అదే వాడి మాట.

2. వాడి జీవితాన్ని పాటల నాటకంగా ఊరూరా ఆడుతున్న బసవరాజు బృందం చిల్కానగర్‌కు వచ్చింది. బసవరాజు మా ఇంటికొచ్చి, "తాతా, నీ యేషం గట్టేటోన్ని. ఒక్క ఆటకు నీ కిన్నెర నా చేతికియ్యే" అని కాళ్లు పట్టుకొంటే తమ్ముడే దానిని ముందుకు నెట్టినాడు. నేను వద్దన్నాను. ఆ సంగతి రికార్డులో ఉండవలెను.

3. మైకుకు అనుమతి లేనందున పోలీసువారు ఆట నడుమ ఆపి సామాను స్వాధీనపరచుకొన్నారు. అది సబబే. కాని మంగళం పాడనిదే వేషం విడువరాదని ఆ బృందం కట్టుబాటు. మంగళం కానందున, ఠాణాలో పేరడిగితే బసవరాజు "కిన్నెర మోషే" అని చెప్పి, అదే పేరున సంతకం చేసి, మరునాడు బృందంతో మేడిపల్లి దాటి వరంగల్ రోడ్డున వెళ్లిపోయినాడు.

4. ఠాణాలో హెడ్డు గారితో జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు:

"మోషే వచ్చి తీస్కపోవాలె అవ్వా."

"మోషే మంచంల ఉన్నడు నాయనా, లేవలేడు."

"అరె, మొన్ననే గీడ నిలబడి సంతకం వెట్టిండు గదా! మస్తు పాట గూడ పాడిండు."

"వాడు వేషగాడు. మావానికి సంతకం యాడిది? బడికి రమ్మంటే కిన్నెర పట్కొని ఉరికెటోడు."

"గట్లయితే మీ ఇంట్ల పన్నదెవలు?"

బడిలో ఇందరికి పాఠం చెప్పిన నేను ఇంటికి వచ్చి ఈ అర్జీ వ్రాయ కూర్చున్నాను.

5. కిన్నెర మెట్లు తేనెమైనంతో అతికించినవి. దానిని రేకుల షెడ్డులో పడవేసినారు. ఈ ఎండకు మైనం కరిగితే, ఆ మెట్లను మళ్లీ తన వేళ్లకు కుదిర్చి అతికించగలవాడు తమ్ముడొక్కడే. ఆ చేతులకు ఇక ఆ సత్తువ లేదు.

6. నిన్న గంజి వేడి చూడక పోసినాము. నాలుక కాలింది. వాడు మంచం పట్టెను గోకినాడు. దురద అనుకొని వీపు గోకినాము. మళ్లీ గంజి పోసినాము.

కనుక తమరు ఎవరినైనా పంపి, మంచంలో ఉన్నది మోషేయేనని విచారించి, మైనం కరగకముందే కిన్నెర ఇప్పించవలెను. ఈ ముసలిదాని మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రాహేలు

మరొక మాట: రూలు ఒప్పుకోకపోతే, అయ్యా, మా తమ్ముణ్ణే అరెస్టు చేయించండి. ఆట వాడి గురించే కదా. ఆ షెడ్డులోనే కిన్నెర పక్కన పండబెట్టండి. నేను గోడ అవతల కూర్చొని ఉంటాను. ఏ తీగె మోగితే ఏమి కావాలో మీ జవానుకు కేకవేసి చెప్తాను.